సాగర్ రోడ్డు బ్యాచి, 2009

మా ఎంబీఏ క్లాసులో ఒకే పేరున్నవాళ్లు ముగ్గురేసి, నలుగురేసి ఉండేవాళ్లు. అందుకని పేర్లు వదిలేసి ఊళ్లతో పిలుచుకోవడం అలవాటైంది. మంచాల, యాచారం, మాల్, దేవరకొండ, బొంగ్లూరు. పదిహేనేళ్లు దాటినా నా ఫోన్‌లో చాలామంది అలాగే ఉన్నారు. ఓరోజు ఫోన్ మోగుతుంటే మా చిన్నది పరుగెత్తుకొచ్చి "నాన్నా, దేవరకొండ ఫోన్ చేస్తోంది" అంది. ఊరు ఊరంతా కలిసి మా నాన్నకు ఎందుకు ఫోన్ చేస్తోందా అని దాని మొహంలో ఆశ్చర్యం.

ఆ దేవరకొండే మొన్న సంక్రాంతి సెలవుల్లో అందర్నీ కూడగట్టాడు. ఇబ్రహీంపట్నం దాటాక ఒక మామిడితోట, ఆదివారాలు కిరాయికిచ్చే రకం. బగారా అన్నం, మటన్, పప్పుచారు. షామియానా కింద ఒక మైకు. ఒక్కొక్కరు వచ్చి రెండు నిమిషాల్లో చెప్పుకోవాలి: పేరు, కంపెనీ, హోదా, ఉండే చోటు, పిల్లలు. కంపెనీ లేనివాళ్లు 'ఓన్ బిజినెస్' అన్నారు. హోదా చెప్పుకోవడం ఇష్టం లేనివాళ్లు పిల్లలు చదివే స్కూలు పేరు చెప్పారు. డాలస్‌లో ఉన్నవాడు వాయిస్ మెసేజీ పంపితే ఆ ఫోన్‌ను మైకుకు ఆనించి వినిపించారు. మాట కన్నా వెనకాల మిక్సీ చప్పుడే ఎక్కువ వినిపించింది. నాది ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ పాఠాలు చెప్పే ఉద్యోగం. నా రెండు నిమిషాలు అర నిమిషంలో అయిపోయాయి. మిగిలిన పొద్దంతా వింటూ కూర్చున్నాను.

వింటుంటే మా నాన్న గుర్తొచ్చాడు. ఆ తరం వాళ్లది వర్షాధారం. ఆముదం, జొన్న, కంది. ఈసారి పంటెంత అని ఎవరడిగినా ముందు వాన సంగతి చెప్పేవాళ్లు. మృగశిరకు పడ్డదా లేదా, పూత మీద తడి దొరికిందా లేదా, ఆ తర్వాతే ఆముదాలు ఎన్ని బస్తాలో. వాన మాట ఎత్తకుండా దిగుబడి ఒక్కటే చెప్పేవాణ్ణి ఊళ్లో కోతలరాయుడి కింద జమకట్టేవాళ్లు. వాళ్ల కడుపున పుట్టి, ఎంబీఏలు చదివిన మేం దాదాపు అందరం మైకు పట్టుకుని దిగుబడే చెప్పాం. మేనేజరైనవాడు "హార్డ్‌వర్క్" అన్నాడు. ఏమీ కానివాడు తప్పంతా తనదే అన్నట్టు నవ్వేసి మైకు పక్కవాడికిచ్చాడు. ఇద్దరి లెక్కలోనూ వాన లేదు.

ఈ లెక్క బయట చెల్లుతుంది. పెళ్లిచూపుల్లో చెల్లుతుంది, లింక్డిన్‌లో చెల్లుతుంది, ఊళ్లో జాతరకు వెళ్లినప్పుడు చెల్లుతుంది. బ్యాచి ముందు మాత్రం చెల్లకూడదు. ఒకే గేటులోంచి ఒకే ఎండాకాలంలో బయటికొచ్చినవాళ్లం. ఎవడి బుర్ర ఎంతో, ఎవడి ప్రాజెక్టు రిపోర్టు ఏ జిరాక్సు సెంటర్లో తయారైందో అందరికీ తెలుసు. మనకు వచ్చినదాంట్లో మన చేతిది ఎంత, కాలానిది ఎంత అని తేల్చి చెప్పగల మనుషులు ఈ లోకంలో ఎవరైనా ఉన్నారంటే వాళ్లే. అలాంటివాళ్లం అంతమందిమి ఒకచోట చేరి ఆ ఒక్క పనీ చేయకుండా చప్పట్లు కొట్టుకున్నాం. తోటలో నాకు అనిపించింది ఇదే. కాబట్టి మా వాన సంగతి ఇక్కడ చెబుతాను.

2007లో ఎంబీఏ ప్రవేశపరీక్ష ఐసెట్ రాసి చేరాం. అప్పటికే ఎల్బీనగర్ నుంచి ఇబ్రహీంపట్నం దాకా సాగర్ రోడ్డుకు అటూ ఇటూ గేటుకో కాలేజీ. తుర్కయాంజాల్ దాటితే చాలు, మంగల్‌పల్లి గేటు, శేరిగూడ, ఖానాపూర్, ఎక్కడ చూసినా చెలకల మధ్య నాలుగంతస్తుల మేడలు. పొద్దున 277 బస్సు ఫుట్‌బోర్డు మీద టై కట్టుకున్న పిల్లలు వేలాడుతుంటే కూరగాయల గంపలతో దిగే ఆడవాళ్లు తిట్టుకుంటూ దిగేవాళ్లు. మాలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీవాళ్లం. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉమ్మడి రాష్ట్రంలో ఊపందుకున్నది 2008 నుంచి, కాబట్టి చేరేనాటికి డబ్బు ఇళ్లలోంచే రావాలి. కొడుకు ఎంబీఏ ఫీజు కోసం, దాంతోపాటు పాత అప్పు కోసం ఇరవై గుంటల చెలక అమ్మిన తండ్రి ఒకాయన ఉన్నాడు. ఆ ఇరవై గుంటల దగ్గరికి మళ్లీ వస్తాను.

చేరిన ఏడాది అంతా పండగే. 2008 జనవరిలో సెన్సెక్స్ 21,000 తాకింది. ఫైనాన్స్ సారు బోర్డు మీద ఆ అంకె రాసి చుట్టూ సున్నా చుట్టాడు. మూడో సెమిస్టరు మధ్యలో, సెప్టెంబరు 15న, అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. అక్టోబరుకల్లా సెన్సెక్స్ 9,000 కిందికి జారింది. అయినా మాకు భయం లేదు. ఎక్కడో న్యూయార్క్ సంగతి మంగల్‌పల్లి గేటు దాకా ఎందుకొస్తుంది? 2009 జనవరి 7, బుధవారం, వచ్చేసింది. లెక్కల్లో ఏడు వేల కోట్లకు పైగా లేని డబ్బు చూపించానని సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాసిన ఉత్తరం ఆ పొద్దున బయటపడింది. సాయంత్రానికి షేరు విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా ఎగిరిపోయింది. అంతకు కొన్ని నెలల ముందే ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌లో గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది, మాకు ఆ పాఠంలో ఉదాహరణ కూడా అదే. మర్నాడు క్లాసుకొచ్చిన సారు ఆ పాఠం ఊసెత్తకుండా తర్వాతి యూనిట్‌లోకి వెళ్లిపోయాడు. ఆయన్ను అనేదేముంది, పుస్తకంలో ఉన్నదే చెప్పాడు.

ఆ దెబ్బ మాలాంటి కాలేజీలకే తగిలిందనుకుంటే పొరపాటు. అప్పటికి గచ్చిబౌలి కూడా మా రంగారెడ్డి జిల్లాలోదే, ఇప్పటికీ మా జిల్లాలోదే. అక్కడి ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ 2001లో మొదటి బ్యాచితో మొదలై ప్రపంచస్థాయి పేరు తెచ్చుకుంది. ఆ స్కూలు అప్పటి డీన్ రామమోహనరావు గారు సత్యం బోర్డులో స్వతంత్ర డైరెక్టర్‌గా ఉన్నారు. ఆ జనవరిలోనే ఆయన డీన్ పదవి వదులుకోవాల్సి వచ్చింది. ఒకే జిల్లాలో రెండు మూలల రెండు రకాల బిజినెస్ స్కూళ్లు, రెండింటి మీదా పడ్డది ఒకటే పిడుగు. తేడా ఏమిటంటే వాళ్లకు తడిసినా ఆరబెట్టుకోవడానికి చోటుంది.

మాకు క్యాంపస్ ఇంటర్వ్యూలకు ఆ ఏడు వచ్చినవాళ్లు బీమా పాలసీలు, క్రెడిట్ కార్డులు అమ్మించేవాళ్లే. జూన్‌లో పట్టా చేతికొచ్చే సమయానికి అమీర్‌పేట హాస్టళ్లలో ఉద్యోగం పోయిన సీనియర్లు, ఉద్యోగం రాని మేమూ ఒకే గదిలో ఉన్నాం. నవంబరు 29న ప్రత్యేక తెలంగాణ కోసం కేసీఆర్ దీక్ష, డిసెంబరు 9న కేంద్రం ప్రకటన, ఆ తర్వాత బందులు, రాస్తారోకోలు. మాలో కొందరు పేపర్లు పట్టుకుని తిరగడం మానేసి ఉద్యమంలో తిరిగారు. నేను ఆ రోజుల్ని తక్కువ చేసి చెప్పను. అవి కావాల్సిన రోజులే. కొత్త కంపెనీలు మాత్రం వేటికవి ఆగి చూశాయి.

ఇదంతా చదివి, 'కష్టకాలం అందరికీ ఉంటుంది' అని మీరనొచ్చు. దాని మీద నిజంగానే లెక్క తీసినవాళ్లున్నారు. స్టాన్‌ఫర్డ్ బిజినెస్ స్కూల్లో ఆర్థికశాస్త్రం చెప్పే పాల్ ఓయర్ అక్కడి పాత ఎంబీఏల నుంచి సేకరించిన ఉద్యోగ వివరాలు ముందేసుకుని కూర్చున్నాడు. మేం మైకులో చెప్పుకున్నలాంటివే. చదువుకునే రెండేళ్లూ స్టాక్ మార్కెట్ బాగుంటే ఆ బ్యాచిలో ఎక్కువమంది వాల్‌స్ట్రీట్‌లో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్లయ్యారు. బాగాలేకపోతే తక్కువమంది అయ్యారు. విచిత్రం అది కాదు. మొదట అక్కడ అడుగుపెట్టినవాళ్లు ఏళ్ల తరబడి అక్కడే నిలదొక్కుకున్నారు. మొదట తప్పిపోయినవాళ్లు తర్వాత మార్కెట్ లేచినా అక్కడికి చేరడం కష్టమైంది. రెండు బ్యాచిల తెలివిలో తేడా లేదు, చదువులో తేడా లేదు. బయటికొచ్చిన ఏడాదిలో ఉంది తేడా. ఈ పరిశోధన అచ్చయింది సరిగ్గా 2008లో. మా లైబ్రరీకి ఆ పత్రిక వచ్చే ఆస్కారం లేదు గానీ, వచ్చి ఉంటే మా జాతకం అందులో చదువుకునేవాళ్లం.

దీనికి ఎదురుగా పెట్టాల్సిన బ్యాచి ఒకటుంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1949. ఆ క్లాసు మీద డాలర్ల వాన కురిసిందని ఫార్చ్యూన్ పత్రిక 1970ల్లో పేరు పెట్టింది. జెరాక్స్‌ను నడిపిన పీటర్ మెకోలో, ఏబీసీ టీవీని కొన్న క్యాపిటల్ సిటీస్ అధిపతి టామ్ మర్ఫీ, జాన్సన్ అండ్ జాన్సన్ అధిపతి జేమ్స్ బర్క్, అందరూ ఒకే క్లాసు. టైలెనాల్ పేరు ఎంబీఏ చదివిన ఎవరికైనా తెలుసు. 1982లో షికాగో దగ్గర ఎవడో మాత్రల్లో సైనైడ్ కలిపితే ఏడుగురు చనిపోయారు, కంపెనీ దేశమంతా ఉన్న సీసాలు వెనక్కి తెప్పించింది. ఆ నిర్ణయం వెనకున్న బర్క్ గురించి మేం పది మార్కుల జవాబు రాశాం. ఆయన క్లాసులో చాలామంది యుద్ధంలోంచి తిరిగొచ్చిన సైనికులనీ, 1944 నాటి జీఐ చట్టం కింద వాళ్ల ఫీజు సర్కారే కట్టిందనీ, వాళ్లు బయటికొచ్చేసరికి యూరప్, జపాన్ నేలమట్టమై అమెరికా ఒక్కటే నిలబడి ఉందనీ మాకెవరూ చెప్పలేదు. సర్కారు ఫీజు కట్టినవాళ్లను చులకనగా చూసే పెద్దమనుషులు ఈ సంగతి ఒకసారి గుర్తుంచుకుంటే బాగుంటుంది. మా వెనక వచ్చిన బ్యాచిలకూ, వాళ్లకూ అదొక్కటే పోలిక. మిగతాదంతా వాన తేడా.

దేవరకొండ కథ చూడండి. వాడు 2009 చివర్లో ఒక సూక్ష్మరుణ సంస్థలో ఫీల్డ్ ఆఫీసరయ్యాడు. ఊళ్లల్లో పొద్దున్నే ఆడవాళ్లను కూర్చోబెట్టి సెంటర్ మీటింగ్, వారం వారం వసూలు. బ్యాచిలో అందరికన్నా ముందు బండి కొన్నది వాడే. 2010 ఆగస్టులో ఆ రంగంలో పెద్ద కంపెనీ షేర్లు మార్కెట్లోకొచ్చి ఎగిరాయి. అక్టోబరులో, అప్పుల బాధతో ఆడవాళ్ల ఆత్మహత్యల వార్తలు వచ్చాక, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు ఆగిపోయాయి. వాడి బ్రాంచి మూతపడింది. ఆ చట్టం రాకపోతే వాడీపాటికి జోనల్ మేనేజరని వాడి భార్య నమ్మకం. వాడి నమ్మకం వేరు. "నేను రోజూ ఎవరి ఇంటి ముందట కూర్చొని వసూలు చేసిన్నో నాకు ఎరుకే. బందవుడే మంచిగైంది" అన్నాడు అన్నం దగ్గర. ఇప్పుడు మాల్‌లో సిమెంటు, స్టీలు దుకాణం. మైకులో మాత్రం 'ఓన్ బిజినెస్' అని ఊరుకున్నాడు. పదిహేనేళ్లలో బ్యాచి మొత్తం మీద నేను విన్న మంచి మాటల్లో ఒకటి మైకు బయటే ఉండిపోయింది.

డాలస్‌వాడు సగటు విద్యార్థి. ఫైనాన్స్‌లో నాకన్నా తక్కువ మార్కులు. ఉద్యోగం దొరకని ఆ ఏడాదే, చేసే పనేమీ లేక, మైత్రీవనం దగ్గర ఎస్ఏపీ ఫైకో అనే సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరాడు. అప్పటికి మంచి ఉద్యోగం దొరికిన మరో ఇద్దరు ఆ కోర్సుకు డబ్బులు దండగన్నారు. ఉద్యోగం దొరకకపోవడమే వీడి అదృష్టమైంది. తర్వాత బెంగళూరు, హెచ్1బీ, టెక్సస్. వాడి గొంతులో నాకు మాత్రం గర్వం కన్నా అలసట వినిపించింది. గ్రీన్‌కార్డు వరుసలో ఎన్నో ఏళ్లుగా ఉన్నాడు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అని అమెరికా అధ్యక్షుడు ప్రకటించిన రాత్రి మా బ్యాచి గ్రూపులో "బతికిపోయిన, నాది పాతది" అని ఒక్క ముక్క పెట్టాడు. గ్రూపులో వాన సంగతి చెప్పింది వాడొక్కడే, పాపం.

ఇక ఆ ఇరవై గుంటలు. సాగర్ రోడ్డు బ్యాచి కథ చెబుతూ భూమి మాట ఎత్తకపోతే కథ సగమే. రెండేళ్లు మాకు డబ్బుకు కాలంతో పాటు విలువ ఎలా మారుతుందో సూత్రాలతో సహా నేర్పారు. ఒక్క లెక్కలోనూ చెలక లేదు. కాలేజీ కిటికీలోంచి కనబడేదంతా అదే. అవుటర్ రింగు రోడ్డు బొంగ్లూరు దగ్గర సాగర్ రోడ్డును దాటింది. ఆదిబట్లకు టీసీఎస్ వచ్చింది, టాటాల విమాన భాగాల ఫ్యాక్టరీలు వచ్చాయి, 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల బాడీలు అక్కడే తయారవుతున్నాయి. 2022లో జిల్లా కలెక్టరేటు కొంగరకలాన్‌కు మారింది. అంతకుముందు మా జిల్లా కలెక్టరు లక్డీకాపూల్‌లో, అంటే వేరే జిల్లాలో కూర్చునేవాడు. కొత్త కలెక్టరేటు పక్కనే ఫాక్స్‌కాన్ వచ్చింది. ఎకరం లెక్కన అడిగే జాగను గజం లెక్కన అడగడం మొదలైంది. ఇరవై గుంటలంటే 2,420 గజాలు.

ఫీజు కోసం అది అమ్మిన తండ్రి ఇప్పుడు లేడు. కొడుకు ఒక మందుల కంపెనీలో డిపో మేనేజరు, మంచి జీతమే. ఆ చెలక ఇప్పుడొక వెంచరు, దానికో ఆర్చి. రోజూ ఆఫీసుకు ఆ ఆర్చి ముందు నుంచే వెళ్తాడట. "ముప్పై ఏండ్లు నౌకరీ చేసినా ఆ జాగ పైసలు రావు" అన్నాడు. అలాగని ఆ తండ్రి తప్పు లెక్క వేశాడనగలమా? ఆయన అమ్మాక, 2009 నుంచి రాష్ట్రం తేలేదాకా హైదరాబాద్ చుట్టుపక్కల భూములు కొనేవాడు లేడు. అంతకుముందే అమ్ముడుపోవడమే గొప్ప అనుకున్నారు. బొంగ్లూరువాడి నాన్నకు కొనేవాడు దొరకలేదు, బయానా ఇచ్చినవాడు కూడా వెనక్కి తీసుకున్నాడు. ఆ ఒక్క కారణంతో భూమి మిగిలింది. ఇప్పుడు వాడు మా అందరిలోకీ కలిగినవాడు. ఎంబీఏ మూడో సెమిస్టరు తప్పాడు, మళ్లీ రాయలేదు. మైకు దగ్గర వాడి మాటలు: "నేనేం చెయ్యలే రా భయ్. అమ్ముదమనుకున్నం, ఎవ్వడు కొనలే." అందరం నవ్వాం. ఆ పొద్దు వినబడిన మాటల్లో అచ్చంగా మా నాన్నల లెక్క అదే.

నవ్వనివాడు ఒకడున్నాడు. వాడిది యాచారం మండలంలో కుర్మిద్ద వైపు. ఫార్మా సిటీ పేరుతో ఆ చుట్టుపక్కల మేడిపల్లి, నానక్‌నగర్, తాటిపర్తి, కుర్మిద్దల్లో భూసేకరణ మొదలైనప్పుడు చాలామంది రైతులు ఒప్పుకోక కోర్టుకెళ్లారు. ఇప్పుడు ఆ దిక్కునే ఫ్యూచర్ సిటీ అంటున్నారు. ఏళ్లకేళ్లు అమ్మనూ లేక, బ్యాంకులో పెట్టనూ లేక వాళ్లింట్లో ఇద్దరి పెళ్లిళ్లు అప్పు మీదే జరిగాయి. బొంగ్లూరుకూ, కుర్మిద్దకూ మధ్య బండి మీద గంట దూరం కూడా లేదు. ఇద్దరూ రెండేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

మంచాలవాడి సంగతి క్లుప్తంగా చెబుతాను, వాడు చెప్పిందీ క్లుప్తంగానే. 2018లో తెలంగాణలో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులు పడ్డాయి. ఎంబీఏలు, ఎంటెక్‌లు కూడా రాశారు. మొదట జీతం 15,000. చెత్త ట్రాక్టరు, నర్సరీ, వైకుంఠధామం, అన్నిటికీ పొద్దున్నే ఫోటో పెట్టాలి. నాలుగేళ్లు పోయి, సమ్మె చేసి, 2023లో పర్మినెంటయ్యాడు. మానవ వనరుల నిర్వహణలో వాడికి మంచి మార్కులు. అవి పనికొచ్చాయా అంటే, మల్టీపర్పస్ వర్కర్ తాగొచ్చిన పొద్దున ఎలా మాట్లాడాలో ఆ పుస్తకంలో లేదన్నాడు.

అమ్మాయిల విషయం వేరే చెప్పాలి, ఎందుకంటే వాళ్ల వాన వేరు. మాకు లేమన్, సత్యం, అవుటర్ రింగు రోడ్డు. వాళ్లకు ముహూర్తం. మా క్లాసు టాపర్‌కు నాలుగో సెమిస్టరు పరీక్షలకు ముందే పెళ్లయింది. ఆమె మైకు దగ్గరికి రానేలేదు. పక్కనున్న స్నేహితురాలు ఆమె తరఫున "నిజామాబాదులో ఉంటది, ఇద్దరు పిల్లలు" అని చెప్పేసింది. ఆమెకు ఆ ఏడాది మార్కెట్ లేచినా, పడినా ఒకటే అయ్యేది. అబ్బాయిల్లో ఎవరైనా ఉద్యోగం లేక ఇంట్లో కూర్చుంటే దాన్ని మాంద్యం అన్నాం. ఆమె కూర్చుంటే దానికి ఏ పేరూ పెట్టలేదు. ఆ రోజు వచ్చిన ఆడవాళ్లలో సగం మంది భర్తల ఉద్యోగాలు చెప్పి దిగిపోయారు. ఒక్క మగవాడూ భార్య ఏం చేస్తుందో చెప్పలేదు, నాతో సహా. మా ఆవిడ ప్రభుత్వ ఉద్యోగి, జీతం నాకన్నా ఎక్కువ.

వాళ్లలో ఒకామె మాట ఎక్కువ చెప్పాలనిపిస్తోంది. తుర్కయాంజాల్‌లో ఉంటుంది. భర్తది ట్రాక్టరు స్పేర్‌పార్టుల దుకాణం. "నేను హౌస్‌వైఫ్" అని ఒక్క మాటతో మైకు ఇచ్చేసింది. భోజనాల దగ్గర ఆమె ఫోన్ ఆగకుండా మోగుతుంటే ఎవరమ్మా అని అడిగాను. "ఇరవయ్యో తారీఖు దగ్గరికొచ్చింది గదా, రిటర్నులు" అంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు దుకాణాలవాళ్లంతా బెంబేలెత్తారు. ఈమెకు కాలేజీ ల్యాబులో నేర్చుకున్న ట్యాలీ గుర్తుంది. ముందు భర్త దుకాణానికి లెక్కలు రాసింది, ఆ తర్వాత పక్క దుకాణానికి. ఇప్పుడు సాగర్ రోడ్డు పొడుగునా ఎరువుల దుకాణాలు, హార్డ్‌వేర్ దుకాణాలు, ఒక ఫంక్షన్ హాలు, అన్నిటి రిటర్నులూ ఆమె చేతిలోనే. ఇద్దరు అమ్మాయిలను జీతానికి పెట్టుకుంది. మా బ్యాచి మొత్తంలో ఎంబీఏ సిలబస్‌ను ఇంత నేరుగా వాడుకుని బతుకుతున్నది బహుశా ఆమె ఒక్కతే. మరి మైకులో ఎందుకు చెప్పలేదంటే, "బోర్డు పెట్టలే గదా, గదేం ఉద్యోగం" అంది. నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

అంతా వాన మీద నెట్టేస్తే కూడా అబద్ధమే అవుతుంది. హార్వర్డ్‌లోనే 1979 బ్యాచి ఒకటుంది. అందులో క్లేటన్ క్రిస్టెన్సన్ పెద్ద ప్రొఫెసరయ్యాడు. ఆయన 2010లో అక్కడి విద్యార్థులకు చెప్పిన ప్రసంగం తర్వాత పుస్తకమైంది. బతుకును దేనితో కొలుచుకుంటావు అన్నది దాని విషయం. తన క్లాసువాళ్లు రీయూనియన్లకు వస్తూ వస్తూ కొందరు సంసారాలు పాడై, పిల్లలకు దూరమై కనిపించడం ఆయన్ను కలవరపెట్టింది. అదే క్లాసులో ఆయనతో పాటు చదివిన జెఫ్రీ స్కిల్లింగ్ ఎన్రాన్ అధిపతి అయ్యాడు. మహారాష్ట్రలో దాభోల్ కరెంటు ప్రాజెక్టు పెట్టిన ఎన్రానే. 2001 డిసెంబరులో కంపెనీ దివాలా తీసింది, 2006లో స్కిల్లింగ్‌కు జైలుశిక్ష పడింది. ఒకే గేటు, ఒకే ఏడాది, ఒకే వాన. ఇక్కడ కాలాన్ని సాక్షిగా పిలవడానికి లేదు.

మాలోనూ ఒకడున్నాడు. బ్యాచిలో ముగ్గురి పేర్ల మీద పర్సనల్ లోన్లు తీయించి, చిట్టీ వ్యాపారమని చెప్పి, ఓ ఉదయం ఫోన్ స్విచాఫ్ చేశాడు. ఆ ముగ్గురు ఏళ్ల తరబడి వాయిదాలు కట్టారు. వాళ్లలో ఇద్దరు తోటకు వచ్చారు, వాడి ఊసెత్తలేదు. మూడోవాడు, వాడొస్తాడేమోనని రాలేదు. ఆ మోసం చేసినవాడికీ ఆ రోజుల్లో గడ్డుకాలమే. గడ్డుకాలం మా అందరికీ వచ్చింది, అందరం లోన్లు తీయించలేదు. కాబట్టి నా లెక్క ఇది: దిగుబడిలో పెద్దవాటా వానదే. దాన్ని మన ఖాతాలో రాసుకోవడం దొంగలెక్క. పక్కవాడికి ఏం చేశామన్నది మాత్రం పూర్తిగా మన ఖాతాలోదే. దాన్ని వాన మీద రాయడం కూడా దొంగలెక్కే.

నిజమైన వాన సంగతీ ఒకటి చెప్పాలి. మేం చదివేనాడు ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులో నీళ్లు లేవు. కుతుబ్‌షాహీల నాటి ఆ చెరువు పొట్టలో మేం క్రికెట్ ఆడాం. 2022లో దశాబ్దాల తర్వాత అలుగు పోసింది. జనం పండగలా వెళ్లి చూశారు. అప్పుడు గ్రూపులో వచ్చిన ఫోటోలకు వచ్చినన్ని జవాబులు ఎవరి ప్రమోషన్‌కూ రాలేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, ఏటా వేసవిలో మా బీకాం ఆఖరి సంవత్సరం పిల్లలు కాలేజీల బ్రోచర్లు పట్టుకుని నా దగ్గరికొస్తారు. ప్రతి బ్రోచర్లో నిరుటి ప్లేస్‌మెంట్లు, పెద్ద ప్యాకేజీ వచ్చిన ఒకరిద్దరి ఫోటోలు. మొదటి జీతం అచ్చేస్తారు, పదిహేనో ఏడు ఏమైందో ఎవరూ అచ్చేయరు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఐసెట్ కౌన్సెలింగ్‌కు వెళ్లే ముందు ఆ కాలేజీకి ఒకసారి వెళ్లండి. పదిహేనేళ్ల కిందటి బ్యాచిలో నలుగురితో, వాళ్లను ముందే అడిగి, మాట్లాడించమని చెప్పండి. టాపరే కావాలని పట్టుబట్టొద్దు. మధ్య బెంచీవాళ్లు ఇద్దరు, పెళ్లితో ఆగిపోయిన అమ్మాయి ఒకరు తప్పకుండా ఉండాలి. మీరు బయటికొచ్చిన ఏడాది బయట ఎట్లుండె, అప్పుడు మీ పక్కన ఎవరున్నరు అని ముందు అడగండి. జీతమెంతని తర్వాత అడగొచ్చు. ఆ నలుగురినీ చూపించలేని కాలేజీ అయితే, సీటు తీసుకునే ముందు ఇంట్లో ఇంకోసారి మాట్లాడుకోండి.